బిల్లు కుదరలేదు, ఉత్తరం వచ్చింది

మైనర్లకు లింగమార్పిడి చికిత్స చేయించిన తల్లిదండ్రులు నేరస్తులా అన్న వాదన అమెరికాలోని టెక్సస్‌లో కొన్నేళ్లుగా నడుస్తోంది. ఏ రాష్ట్రం ఈ చికిత్సను ముందు నిషేధించింది, ఎవరు దాని బాట పట్టారన్న చిట్టా పక్కన పెడదాం. అసలు ముడి పడింది 2022 ఫిబ్రవరి 22న, గవర్నర్ గ్రెగ్ అబాట్ రాసిన ఉత్తరం దగ్గర.

అంతకుముందు ఏడాదే ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 1646 వచ్చింది. బాలలపై వేధింపుల నిర్వచనంలోకి ఈ చికిత్సను చేర్చాలన్నది దాని సారం. రాష్ట్ర సెనేట్ దాటి, దిగువ సభ అయిన హౌస్‌లో ఆగిపోయింది. తర్వాత రాష్ట్ర అటార్నీ జనరల్ (ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి) కెన్ పాక్స్‌టన్, ఉన్న చట్టం ప్రకారమే ఇది వేధింపు కావచ్చని అభిప్రాయం ఇచ్చారు. పిల్లలకు సంతానయోగ్యత పోతుందన్నది ఆయన ప్రధాన వాదన. దాన్ని పట్టుకుని, ఇలాంటి ఇళ్లపై విచారణ జరపమని అబాట్ శిశు సంరక్షణ శాఖకు రాశారు. డాక్టర్లు, నర్సులు, టీచర్లు తెలిసీ చెప్పకపోతే వాళ్లకూ శిక్ష తప్పదన్నారు. సరిగ్గా వారానికి, పార్టీ అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలు. అబాట్, పాక్స్‌టన్ ఇద్దరూ బరిలో ఉన్నారు.

‘సీపీఎస్ (శిశు సంరక్షణ విభాగం) వాళ్లొస్తారు జాగ్రత్త’ అని డాలస్ తెలుగు ఇళ్లలో సగం వేళాకోళంగా అనుకుంటుంటారు. ఉత్తరం వచ్చిన వారం వాళ్లు నిజంగానే టెక్సస్‌లోని ఒక ఇంటికి వెళ్లారు. ఆ ఇల్లాలు అదే శాఖ ఉద్యోగి, వేధింపుల ఫిర్యాదులు పరిశీలించడమే ఆమె పని. ఉత్తరం ప్రభావం ఎలా ఉంటుందని పైఅధికారిని అడిగినందుకు ఆమెను సెలవుపై పంపేశారు. విచారణాధికారి వచ్చి 16 ఏళ్ల బిడ్డ వైద్య రికార్డులు అడిగారు. దంపతులు ఇవ్వలేదు, కోర్టుకెక్కారు. ఈ కేసుల గురించి ఈమెయిల్, మెసేజ్ పెట్టొద్దని తమకు చెప్పారని శాఖ సూపర్‌వైజర్ ఒకరు సాక్ష్యమిచ్చారు. దాచాల్సిన అవసరం ఏమొచ్చిందో!

మార్చి 11న ఆస్టిన్ జడ్జి రాష్ట్రమంతటా విచారణలు ఆపేశారు. మే 13న టెక్సస్ సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును ఆ ఒక్క కుటుంబానికే కుదించింది. అబాట్ గెలిచారని అప్పట్లో చాలామంది రాసేశారు. తీర్పు పూర్తిగా చదివితే వేరే సంగతి: శాఖ చేసే విచారణలను శాసించే అధికారం గవర్నర్‌కూ లేదు, అటార్నీ జనరల్‌కూ లేదు. రాసింది జస్టిస్ జిమ్మీ బ్లాక్‌లాక్. ఒకప్పుడు అబాట్ దగ్గరే న్యాయ సలహాదారు.

2023లో ఎస్‌బీ 14 అనే చట్టం మైనర్లకు ఈ చికిత్సపై నిషేధం తెచ్చింది. అందులో దెబ్బ డాక్టర్ లైసెన్సుకే, ‘వేధింపు’ జోలికి పోలేదు. 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. టెనెసీ రాష్ట్రం పెట్టిన ఇలాంటి నిషేధాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్‌లో 6-3తో సమర్థించింది.

అదే ఏడాది టెక్సస్ చట్టసభ వేధింపుల నిర్వచనాన్ని మార్చనే మార్చింది, అటువైపు నుంచి. బిడ్డ చెప్పే లింగ గుర్తింపును తల్లిదండ్రులు ఒప్పుకోకపోవడం వేధింపు కాదని చేర్చింది. ఒప్పుకుని ఆస్పత్రికి తీసుకెళ్లినవాళ్ల గురించి అందులో ఒక్క ముక్కా లేదు.