ముదిరాక తెలిసే ఊళ్లు

అమెరికాలో క్యాన్సర్ మరణాలను కౌంటీలవారీగా లెక్కగట్టిన అధ్యయనం ఒకటి 2017లో వచ్చింది. 2014 సంవత్సరానికి అందులో అన్నిటికన్నా తక్కువ రేటు కొలరాడో రాష్ట్రంలోని సమ్మిట్ కౌంటీది. లక్ష జనాభాకు 70.7 మరణాలు. అన్నిటికన్నా ఎక్కువ ఫ్లోరిడాలోని యూనియన్ కౌంటీది. లక్షకు 503.1. అదే దేశం, అదే ఏడాది, ఏడు రెట్ల తేడా.

యూనియన్ కౌంటీ నీళ్లలో ఏం కలిసిందో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. నాకూ వచ్చింది. కానీ సంగతి నీళ్లది కాదు. ఆ కౌంటీలో లేక్ బట్లర్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడే ఫ్లోరిడా జైళ్ల శాఖ వైద్యకేంద్రం ఉంది. రాష్ట్రం నలుమూలల జైళ్లలో జబ్బుపడ్డ ఖైదీలను అక్కడికి తరలిస్తారు. కౌంటీ మొత్తం జనాభా 15 వేల పైచిలుకే, అందులో పెద్ద భాగం ఖైదీలే. ఎక్కడో మయామీలో పుట్టి పెరిగి, ముప్ఫై ఏళ్లు సిగరెట్లు కాల్చి, చివరికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆ మంచం మీద కన్నుమూసిన మనిషి కూడా యూనియన్ కౌంటీ లెక్కలోకే వస్తాడు. సమ్మిట్ కౌంటీ రాకీ పర్వతాల మీద ఉంది. మంచు మీద స్కీయింగ్ చేసే వాళ్లు, ఒంట్లో ఓపికా చేతిలో డబ్బూ ఉన్నవాళ్లు అక్కడ స్థిరపడతారు. ఈ రెండు అంకెల్లో నేల గుణం కన్నా, ఆ నేల మీదికి ఎవరు వచ్చి చేరారన్నదే ఎక్కువ కనిపిస్తుంది.

అమెరికాలో బంధువులున్న తెలుగువాళ్లకు కౌంటీ అన్న మాట కొత్త కాదు. ప్లేనో కాలిన్ కౌంటీలో ఉంది, ఎడిసన్ మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంది. ఇంటిపన్ను నుంచి కోర్టు దాకా చాలా పనులు కౌంటీ పేరు మీదే నడుస్తాయి. మన జిల్లాలాంటిదే అనుకోవచ్చు గానీ జనాభాలో మాత్రం ఒకదానికొకటి పొంతన ఉండదు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో కోటి మంది ఉంటారు. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనగణన నాటికి 64 మంది ఉన్నారు. ఇలాంటివి మొత్తం మూడు వేల నూట నలభైకి పైగా ఉన్నాయి.

ఈ పొంతన లేకపోవడం దగ్గరే లెక్క మొదటి దెబ్బ కొడుతుంది. ఏదో ఒక క్యాన్సర్ దేశమంతటా ఏడాదికి లక్షకు 20 మందికి వస్తోందనుకుందాం. 5 వేల మంది ఉన్న కౌంటీలో ఏడాదికి ఒక కేసు రావాలి. ఈ ఏడు ఎవరికీ రాలేదంటే రేటు సున్నా, దేశంలోనే అతి ఆరోగ్యకరమైన చోటు అని పేరు. మరుసటి ఏడు ఇద్దరికి వస్తే రేటు 40, దేశ సగటుకు రెట్టింపు, పత్రికల్లో గగ్గోలు. ఆ ఊళ్లో మారిందేమీ లేదు. కిడ్నీ క్యాన్సర్ మ్యాపులో ఇదే కనిపించింది. అతి తక్కువ రేట్లున్నవీ, అతి ఎక్కువ రేట్లున్నవీ చాలావరకు జనం పలచగా ఉన్న పల్లె కౌంటీలే. అందుకే అక్కడి గణాంకాల వాళ్లు అయిదేళ్ల కేసులు కలిపి చూస్తారు. 16 కేసులకు తక్కువుంటే రేటే ప్రకటించరు. ముసలివాళ్లు ఎక్కువున్న కౌంటీకి అన్యాయం జరగకుండా అందరి రేట్లనూ 2000 నాటి దేశ జనాభా వయసుల పొందికకు సరిచేస్తారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా మిగిలే తేడాలు నిజమైన తేడాలు. వాటిని వెంటాడితే జబ్బు మూలం దొరికిన సందర్భాలు ఉన్నాయి.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1975లో ఒక అట్లాసు వేసింది. 1950 నుంచి 1969 వరకు జరిగిన క్యాన్సర్ మరణాలను కౌంటీలవారీగా రంగులు వేసి చూపించిన పుస్తకం అది. జార్జియా సముద్రతీరం వెంబడి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎర్రగా కనబడింది. పరిశోధకులు వెళ్లి రోగుల పాత ఉద్యోగాలు తవ్వితే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడలు కట్టే యార్డుల్లో ఆస్‌బెస్టాస్ అనే ఖనిజపు పీచు మధ్య పనిచేసిన వాళ్లు తేలారు. యుద్ధం ముగిసి ముప్ఫై ఏళ్లయినా ఆ పీచు ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది.

నన్ను ఇంకా ఎక్కువ పట్టుకున్నది అదే అట్లాసులోని మరో మచ్చ. ఆగ్నేయ రాష్ట్రాల్లో ఆడవాళ్లకు నోటి క్యాన్సర్ అసాధారణంగా ఎక్కువ. పొగాకు కాల్చడంలో మగవాళ్లదే పైచేయి అయిన కాలంలో ఆడవాళ్లకెందుకు? నార్త్ కరోలినా నూలు మిల్లులకు పేరుపడ్డ చోటు కాబట్టి మిల్లు దుమ్ము మీదికి అనుమానం పోవడం సహజం. డెబొరా విన్ బృందం నోటి, గొంతు క్యాన్సర్ వచ్చిన 255 మంది ఆడవాళ్ల అలవాట్లను, ఆ జబ్బు లేని 502 మంది అలవాట్లతో పోల్చి 1981లో ఫలితం ప్రకటించింది. దోషి నశ్యం. ముక్కుతో పీల్చేది కాదు. పొడి పొగాకును చిటికెడు తీసి చిగురుకూ బుగ్గకూ మధ్య దోపుకుని గంటలకొద్దీ ఉంచుకోవడం. చిన్నతనంలోనే అలవాటై ఇంటి పని, మిల్లు పని చేసుకుంటూనే సాగేది. సిగరెట్ ముట్టని తెల్లజాతి ఆడవాళ్లలో ఈ అలవాటు ఉంటే ముప్పు నాలుగు రెట్లు. దశాబ్దాల తరబడి దోపుకున్న వాళ్లకు, సరిగ్గా ఆ పొడి ఆనుకుని ఉండే చిగురూ బుగ్గ లోపలి భాగంలో, ముప్పు యాభై రెట్ల దగ్గరికి వెళ్లింది.

ఇది చదువుతుంటే ఉత్తరాంధ్ర వాళ్లకు అడ్డపొగ గుర్తుకు రాకుండా ఉండదు. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టి తాగే అలవాటు అక్కడి ఆడవాళ్లలో ఎక్కువ. దాని క్యాన్సర్ అంగిట్లో వస్తుంది. శ్రీకాకుళం ప్రాంతపు పల్లెల్లో 10,169 మంది అంగిళ్లు పరీక్షించి ఆ మచ్చలను నమోదు చేసిన అధ్యయనం 1971లో వచ్చింది. అక్కడ బుగ్గ, ఇక్కడ అంగిలి. పొగాకు ఎక్కడ తగిలితే అక్కడే పుండు.

అట్లాసు ఇలా దారి చూపిన కథలు ఎంత ఆకట్టుకున్నా, కొత్త కేసుల రేటును అలాగే నమ్మేయకూడదని చెప్పే కథ కూడా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటగానే వచ్చే మారిన్ కౌంటీ బాగా కలిగినవాళ్ల చోటు. 1990లలో అక్కడ రొమ్ము క్యాన్సర్ రేటు చాలా ఎక్కువని తేలింది. జనం గాలిని, నీటిని అనుమానించారు. తీరా చూస్తే చదువుకున్న ఆడవాళ్లు ఆలస్యంగా పిల్లలను కనడం, తక్కువమందిని కనడం, రొమ్ముకు తీసే ఎక్స్‌రేలు, అంటే మామోగ్రామ్‌లు, క్రమం తప్పకుండా చేయించుకోవడం, నెలసరి ఆగాక హార్మోన్ మాత్రలు వాడడం, అన్నీ అక్కడ ఎక్కువ. 2002 జులైలో ఓ పెద్ద అధ్యయనం ఆ మాత్రల వల్ల రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరుగుతోందని తేల్చింది. దేశమంతటా చాలామంది మాత్రలు మానేశారు, మారిన్‌లో కూడా మానేశారు. వెంటనే అక్కడ రేటు దిగింది.

అంటే కొత్త కేసుల రేటులో రెండు విషయాలు కలగలిసి ఉంటాయి. జబ్బు ఎంతుంది అన్నది ఒకటి, జబ్బును ఎంత వెతికారు అన్నది రెండోది. వీటిని విడదీయాలంటే స్టేజీ చూడాలి.

క్యాన్సర్ అని బయాప్సీలో తేలగానే ఆసుపత్రి రిజిస్ట్రార్ ఆ రోజుకు రోగి ఉంటున్న చిరునామా, ఏ అవయవం, ఎంతదూరం పాకింది అన్నవి నమోదు చేస్తారు. 1971లో అధ్యక్షుడు నిక్సన్ క్యాన్సర్ చట్టం మీద సంతకం పెట్టాక 1973లో మొదలైన ఈ నమోదు, 1992 చట్టం తర్వాత దేశం మొత్తానికీ విస్తరించింది. పుట్టిన అవయవం దాటకపోతే ఒక మెట్టు, పక్కనున్న కణజాలానికో లింఫ్ గ్రంథులకో పాకితే రెండోది, కాలేయం, ఎముకలు, మెదడు లాంటి దూరపు చోట్లకు చేరితే మూడోది. పెద్దపేగు క్యాన్సర్ మొదటి మెట్టు మీద దొరికితే పదిమందిలో తొమ్మిదిమంది అయిదేళ్ల తర్వాత కూడా ఉంటారు. మూడో మెట్టు మీద దొరికితే ఒకరో ఇద్దరో.

ముదిరాక బయటపడిన కేసులు ఎంత శాతం అని చూస్తే సరిపోతుందా? ఇక్కడ చాలామంది పొరబడతారు. ఒక కౌంటీలో ఏడాదికి 100 కేసులు, అందులో 40 ముదిరినవి అనుకుందాం. వచ్చే ఏడు స్క్రీనింగ్, అంటే ఏ లక్షణాలూ లేనివాళ్లకు ముందుగానే చేసే పరీక్షలు, జోరుగా చేసి, ఎన్నటికీ ప్రాణం తీయని చిన్న చిన్న గడ్డలు మరో 100 పట్టుకున్నారు. ఇప్పుడు 200లో 40. ముదిరిన కేసుల శాతం 40 నుంచి 20కి పడింది. నివేదికలో గొప్ప విజయం. ముదిరిన క్యాన్సర్‌తో ఆసుపత్రికి వచ్చిన ఆ 40 మంది మాత్రం 40 మందిగానే ఉన్నారు. అందుకే చూడాల్సింది మొత్తం కేసుల్లో శాతం కాదు. లక్ష జనాభాలో ఎంతమందికి ముదిరాక తెలిసింది అన్నది.

ఇది ఊహాలెక్క మాత్రమే కాదు. 547 కౌంటీల్లో 2000 సంవత్సరపు రొమ్ము క్యాన్సర్ లెక్కలను పోల్చిన అధ్యయనం 2015లో వచ్చింది. మామోగ్రామ్ చేయించుకున్న వాళ్లు పది శాతం పాయింట్లు ఎక్కువున్న కౌంటీల్లో కేసులు 16 శాతం ఎక్కువ తేలాయి. తర్వాతి పదేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. దీన్ని పట్టుకుని మామోగ్రామ్ దండగ అనడం తప్పు. కౌంటీ సగటులు ఒక్కో మనిషి సంగతి చెప్పలేవు. కానీ కేసులు ఎక్కువ పట్టుకోవడమే మేలు అనుకోకూడదన్నది మాత్రం ఖాయం.

పెద్దపేగు సంగతి వేరు. గొట్టం కెమెరాతో పేగు లోపల చూసే పరీక్ష కొలనోస్కోపీ. అందులో పాలిప్ అనే చిన్న గడ్డ కనిపిస్తే అక్కడికక్కడే కోసి తీసేస్తారు. అది క్యాన్సర్ కాకుండానే పోతుంది. కాబట్టి వెతికితే ముదిరిన కేసులూ తగ్గుతాయి, మొత్తం కేసులూ తగ్గుతాయి. పేదరికం ఎక్కడ మనిషిని డాక్టరుకు దూరంగా ఉంచుతోందో చూడాలంటే ఈ క్యాన్సర్ మ్యాపును మించింది లేదు.

2015లోనే పెద్దపేగు క్యాన్సర్ మరణాలు గుంపుగా ఉన్న ప్రాంతాలు మూడు గుర్తించారు: మిసిసిపీ నది దిగువ డెల్టాలో 94 కౌంటీలు, అపలాచియా కొండల్లో 107, వర్జీనియా, నార్త్ కరోలినా తూర్పు భాగంలో 37. డెల్టా కథ నాకు ఊపిరాడనివ్వలేదు. 1970ల మొదట్లో అక్కడ ఈ మరణాల రేటు ఈ మూడు ప్రాంతాలు కాని మిగతా దేశం కన్నా 18 శాతం తక్కువ. 2009-11 నాటికి 40 శాతం ఎక్కువ. దేశమంతా స్క్రీనింగ్, మెరుగైన చికిత్స వచ్చి మరణాలు పడిపోతున్న నలభై ఏళ్లలో ఆ 94 కౌంటీలు వెనక ఉండిపోయాయి. కొత్త వైద్యం పుట్టినప్పుడే, అది అందనిచోట్ల తేడా కూడా పుట్టింది.

అందకపోవడం ఎలా ఉంటుందో తెలియాలంటే కెంటకీ తూర్పు కొండల్లో ఓ యాభై ఎనిమిదేళ్ల మనిషిని ఊహించుకోండి. మలంలో రక్తం పడుతోంది. మొలలే అనుకుంటాడు. (మన ఊళ్లలోనూ అదే మాట.) బీమా లేదు. కొలనోస్కోపీ చేసేచోటు కొండదారిలో గంటన్నర దూరం. ముందురోజంతా పేగు ఖాళీ చేసుకోవాలి, మత్తు ఇస్తారు కాబట్టి కారు నడపడానికి తోడు ఒకరు కావాలి, రెండు రోజుల కూలి పోతుంది. అరవై అయిదు నిండితే ప్రభుత్వ బీమా మెడికేర్ వస్తుంది కదా, అప్పటిదాకా నెట్టుకొద్దాం అనుకుంటాడు. ఇలా ఆగుతున్నవాళ్లు నిజంగానే ఉన్నారని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2021లో చూపించారు. అరవై నాలుగు నుంచి అరవై అయిదుకు రాగానే ఊపిరితిత్తులు, రొమ్ము, పెద్దపేగు, ప్రోస్టేట్ క్యాన్సర్ల నిర్ధారణలు ఒక్కసారిగా ఎగబాకుతున్నాయి. క్యాన్సర్ పుట్టినరోజు చూసుకుని రాదు.

అదే కెంటకీ మారింది కూడా. 1999లో పెద్దపేగు స్క్రీనింగ్‌లో యాభై రాష్ట్రాల్లో ఆ రాష్ట్రానిది 49వ స్థానం. చేయించుకోవాల్సిన వయసు వాళ్లలో సుమారు 35 శాతమే చేయించుకున్నారు. రాష్ట్ర క్యాన్సర్ రిజిస్ట్రీ తన లెక్కలను అల్మారాలో పెట్టుకోలేదు. రాష్ట్రంలోని 120 కౌంటీలు 15 అభివృద్ధి ప్రాంతాలుగా ఉన్నాయి. ఏ ప్రాంతపు మండలికి ఆ ప్రాంతపు అంకెలే ఇచ్చి మీ దగ్గర ఇది ఆలస్యమవుతోంది అని చెప్పారు. 2008కల్లా స్క్రీనింగ్ 64 శాతానికి చేరింది. కొత్త కేసులూ మరణాలూ రెండూ దిగాయి.

డెలావేర్ ఇంకా చిన్న రాష్ట్రం. మూడే కౌంటీలు: న్యూ కాజిల్, కెంట్, ససెక్స్. బీమా లేనివాళ్ల కొలనోస్కోపీ ఖర్చు రాష్ట్రమే భరించింది. క్యాన్సర్ తేలితే చికిత్స ఖర్చు కూడా భరించింది. తేల్చి వదిలేస్తే ఎవరొస్తారు? ఆసుపత్రుల్లో నర్సులను ఈ పనికే పెట్టారు. వాళ్లు ఫోన్ చేసి తేదీ ఖాయం చేసేవాళ్లు, రాకపోకలకు వాహనం చూసేవాళ్లు, ముందురోజు గుర్తుచేసేవాళ్లు. 2001లో నల్లజాతి వాళ్లలో స్క్రీనింగ్ 48 శాతం, 2009లో 74. తెల్లవాళ్లకూ వాళ్లకూ తేడా చెరిగిపోయింది. నల్లజాతి రోగుల్లో పేగు దాటి పాకాక తెలిసిన కేసులు 79 శాతం నుంచి 40కి దిగాయి. పైన చెప్పిన శాతాల మాయ ఇక్కడ లేదు, ఎందుకంటే అదే కాలంలో వాళ్లలో మొత్తం కేసుల రేటు కూడా లక్షకు 67 నుంచి 44కి పడింది. పెద్దపేగు క్యాన్సర్‌తో పోయే నల్లజాతి వాళ్లు లక్షకు 31 మంది ఉండేవాళ్లు. ఎనిమిదేళ్లలో 18 అయ్యారు. తెల్లవాళ్లలో ఆ అంకె 17.