ఉల్క వేసే ఈల

ఆగస్టులో పెర్సీడ్ ఉల్కల కోసం మేడెక్కితే మబ్బులే కనిపించాయని, వాటిని రేడియోలో వినొచ్చట నిజమేనా అని కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు అడిగారు. నిజమే. మబ్బు పట్టినా, పట్టపగలైనా వినొచ్చు.

వినిపించేది ఉల్క చప్పుడు కాదు. సుమారు 100 కి.మీ. ఎత్తున ఇసుక రేణువంత రాయి ఆవిరైపోతూ వెనక ఎలక్ట్రాన్ల చార వదులుతుంది. దూరపు ఊరి ఎఫ్‌ఎం తరంగం దానికి తగిలి మన వైపు మళ్లుతుంది. లోకల్ స్టేషన్ లేని ఫ్రీక్వెన్సీలో గరగర మధ్య పాట ముక్కో మాట ముక్కో తటాలున వినిపించి మాయమవుతుంది. చార చెదిరిపోయిందన్నమాట.

నన్ను కట్టిపడేసేది షార్ట్‌వేవ్‌లో వినిపించే ఈల. ఆలిండియా రేడియోకి చెందిన చమన్‌లాల్, వెంకటరామన్ 1941లోనే దీని గురించి రాశారు. తంబురాలో రెండు సారణి తీగలకు శ్రుతి కలుపుతుంటే, తేడా ఉన్నంతసేపూ నాదం ఊగుతుంది. తేడా తగ్గేకొద్దీ ఊపు నెమ్మదించి, కలవగానే ఆగిపోతుంది. ట్రాన్స్‌మిటర్ నుంచి నేరుగా వచ్చే తరంగం ఒక తీగ, ఉల్కకు తగిలి వచ్చేది రెండో తీగ. ఉల్క మన వైపు దూసుకొస్తుంటే, దగ్గరికొచ్చే రైలు కూత హెచ్చుగా వినిపించినట్టే, డాప్లర్ ప్రభావం వల్ల రెండో తీగ శ్రుతి పెరుగుతుంది. ఎంత? 10 మెగాహెర్ట్జ్ అంటే 30 మీటర్ల తరంగం. డిసెంబరులో రాలే జెమినిడ్ ఉల్క వేగం సెకనుకు 35 కి.మీ. ట్రాన్స్‌మిటర్ మన పక్కనే ఉండి, ఉల్క సూటిగా వస్తే 2×35,000÷30, దాదాపు 2,330 హెర్ట్జ్. ఊపు అంత వేగంగా ఉంటే అదే ఒక స్వరమవుతుంది. ఉల్క దారి మన చూపుకు అడ్డంగా తిరిగేకొద్దీ మన వైపు వచ్చే వేగం తగ్గుతుంది, ఈల కిందికి జారుతుంది. సరిగ్గా లంబంగా ఉన్నచోట తీగలు రెండూ కలిసిపోతాయి.

రెండు శ్రుతుల తేడా వల్ల పుట్టే ఈ ఊపునే ఫిజిక్స్‌లో బీట్స్ అంటారు. బీట్స్ ఒకటి, డాప్లర్ ఒకటి. రెండూ కలిసి పనిచేసే ఈ ఉదాహరణ క్లాసులో తప్పకుండా చెప్పాలి. చుక్క రాలితే ఎవరో పోయినట్టేనని ఇంకా భయపడే ఇళ్లున్నాయి. ఏ ఉల్కాపాతమూ లేని రోజున కూడా ఇవి రాలుతూనే ఉంటాయని పిల్లలు చెవులారా వింటే ఆ భయం పోతుంది.

డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్లు జోరుగా వస్తాయి. ల్యాప్‌టాప్‌ని రేడియోగా మార్చే ఎస్‌డీఆర్ డాంగిల్, పాత టీవీ యాంటెన్నాలా అడ్డకడ్డీలుండే ఒక యాగీ యాంటెన్నా చాలు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, కోల్‌కతా రెండూ సుమారు 1,200 కి.మీ. దూరం, ఈ పనికి అనువైన దూరమే. అక్కడ గట్టిగా వచ్చే, ఇక్కడ ఖాళీగా ఉన్న ఎఫ్‌ఎం ఫ్రీక్వెన్సీ ఎంచుకోండి. యాంటెన్నాను నడినెత్తికి ఎత్తకండి. ఆ ఊరి దిక్కుగా, దిగంతానికి కాస్త పైకి పెట్టండి.