శివారుకు నీళ్ళు అందాయా?

మన మందిరం యూత్ పిల్లలకు తాతయ్య వందనాలు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మీలో ఒకరు అడిగారు: "తాతయ్యా, కొత్త కీబోర్డు కొన్నాం, సౌండ్ బాక్సులు పెట్టాం, అయినా అంతా మొక్కుబడిగా ఉంటుందేంటి?" అని. నవ్వి ఊరుకున్నాను. ఈ మోకాళ్ళతో గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదది.

ముప్పై ఏళ్ళు కాలువ మీద లస్కరుగా, అంటే కాలువ నీళ్ళు చూసుకునే పనివాడిగా, చేసినవాణ్ణి. నాకు తెలిసిందల్లా నీళ్ళే. బైబిల్లో ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో లవొదికయ సంఘానికి రాసింది కూడా నీళ్ళ మాటే: నువ్వు చల్లగానూ లేవు, వెచ్చగానూ లేవు, నులివెచ్చగా ఉన్నావు, అందుకే నోట్లోంచి ఉమ్మేస్తానని. ఆ ఊరు ఇప్పటి టర్కీలో ఉండేది. దగ్గర్లోని హియెరాపొలిలో వేడినీటి ఊటలు, ఇంకోవైపు కొలొస్సయిలో చల్లటి నీళ్ళు. లవొదికయకు మాత్రం నీళ్ళు దూరం నుంచి గొట్టాల్లో రావాలి. చల్లగా ఉండడమంటే భక్తి లేకపోవడమని మా చిన్నప్పుడు చెప్పేవారు. నాకలా అనిపించదు. వేడినీళ్ళు నా మోకాళ్ళకు పనికొస్తాయి, చల్లనీళ్ళు నాట్లేసి వచ్చిన మనిషికి పనికొస్తాయి. నులివెచ్చని నీళ్ళు ఎవరికి కావాలి? పైగా ఉన్నవాళ్ళ ఊరు. క్రీ.శ. 60లో భూకంపానికి కూలిపోతే, రోము సాయం లేకుండానే మళ్ళీ కట్టుకున్నారు. "నాకేమియు కొదవలేదు" అనడం వాళ్ళకు అలవాటే.

మన కాలువల్లో గుర్రపుడెక్క చూశారుగా. ఊదా పూలు పూసి ఎంత అందంగా ఉంటుందో! మీరు దాని ముందు సెల్ఫీలు కూడా దిగుతారు. పైన పచ్చగా ఉంటుంది, కింద నీళ్ళు కదలవు. ఎగువ రైతుకు ఆ తేడా తెలీదు, అతని మడి నిండుతూనే ఉంటుంది. కాలువ చివరనుండే శివారు రైతు మాత్రం చేను నెర్రెలిచ్చాక సైకిలేసుకుని వచ్చి మమ్మల్ని అమ్మనా బూతులు తిట్టేవాడు. అప్పుడు నడుంలోతు నీళ్ళలో దిగి కోసేవాళ్ళం. వేళ్ళు తడిసిన జుట్టులా నల్లగా వేలాడేవి, నాలుగు మోపులు గట్టుకు లాగేసరికి రెక్కలు పడిపోయేవి. కొన్నాళ్ళకే మళ్ళీ అల్లుకునేది.

మన మందిరం ఎండిపోలేదర్రా. పూడుకుపోయింది.

బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురంలో కాపురం పెట్టారు. కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది 1847లో. అంటే మన డెల్టాకు కాలువ నీళ్ళు రాకముందే వాక్యం వచ్చింది. వాళ్ళకు మైకు లేదు, మన భాష కూడా ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నారు. మా అమ్మకు వాళ్ళ పేర్లు కూడా తెలీవు. అయినా ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు బియ్యం తీసి గూట్లో కుండలో వేసేది. అవి ప్రభువువి. మాకు గంజే దిక్కయిన రోజున కూడా ఆ కుండ ముట్టనిచ్చేది కాదు. శనివారం అది మోసుకెళ్ళి పేటలో ఒంటరి ముసలమ్మకు ఇచ్చేవాణ్ణి. దారిలో గొణుక్కున్నాననుకోండి.

ఇప్పుడు నా సంగతి. కిందటేడు మన చివరి కాలనీ నుంచి ఒకాయన వచ్చి, బిడ్డకు కాకినాడలో ఆపరేషను, ప్రార్థన చెయ్యండి అయ్యగారూ అన్నాడు. తప్పకుండా అన్నాను. ఇంటికెళ్ళి టీవీలో క్రికెట్ చూసి పడుకున్నాను, మళ్ళీ గుర్తు రాలేదు. రెండు వారాల తర్వాత ఆయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "మీ ప్రార్థన వల్లే" అని ఏడ్చాడు. నేను తలూపాను. నిజం చెప్పలేదు. ఆ పక్క ఆదివారం పెద్దగా, బాగా ప్రార్థన చేశానని అందరూ మెచ్చుకున్నారు కూడా.

పాటలు ఆపమనడం లేదు, కీబోర్డు అమ్మేయమనడమూ లేదు. మన వీధి దాటి ఎవరింటికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో అడుగుతున్నాను, అంతే.

బుధవారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి ఆ సంగతి ఒప్పుకుందామనుకుంటున్నాను. వంతెన దాటాక రోడ్డంతా గుంతలు, నేను నడవలేను. మీలో ఎవరైనా బండి తెస్తే వెనకాల కూర్చుంటాను.

మీ తాతయ్య