టమాటా గుజ్జు ఎందుకు పలచబడుతుంది?

మొదటిసారి టమాటా గుజ్జు చేసినప్పుడు కిలో పళ్లూ కోసి, మిక్సీలో తిప్పి, తీరిగ్గా పొయ్యి మీద పెట్టాను. ఎంత మరిగినా నీళ్లు ఒకవైపు, పిప్పి ఒకవైపు.

కారణం పెక్టిన్. పండులో కణాల గోడలను అతికించి ఉంచే జిగురు అది. గుజ్జుకు చిక్కదనం ఇచ్చేదీ అదే. దాన్ని తుంచే ఎంజైములు కూడా ఆ పండులోనే ఉంటాయి. టమాటా మగ్గి మెత్తబడటంలో వాటి పాత్ర ఉంది. కోసినా, నలిపినా కణాలు చితికి ఆ పని జోరందుకుంటుంది. నిమిషాల్లోనే పెక్టిన్ గొలుసులు తెగిపోతాయి. ఆ తర్వాత మరిగిస్తే నీరు తగ్గుతుందే గానీ తెగిన గొలుసులు మళ్లీ అతుక్కోవు.

ఎంజైములు ప్రొటీన్లు కాబట్టి వేడికి చెడిపోతాయి. అందుకే చిక్కటి సాసు కావాలంటే ఫ్యాక్టరీల్లో నలిపిన టమాటాను వెంటనే 90 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఇంట్లోనూ ఇది కష్టమేమీ కాదు. పావు వంతు పళ్లు కోసి, స్టీలు గిన్నెలో పెద్ద మంట మీద గరిటెతో నలుపుతూ మరిగించండి. ఉడుకు ఆగకుండా మిగతావి కోసినవి కోసినట్టే వేస్తూ పోండి. చల్లారాకే మిక్సీ. కండ ఎక్కువుండే బెంగుళూరు టమాటా దీనికి బాగుంటుంది.

ఉడికిస్తే విటమిన్ సి కొంత పోతుంది. కానీ ఎర్రరంగునిచ్చే లైకోపీన్ కణాల్లోంచి బయటికొస్తుంది, పోపులోని నూనెతో కలిస్తే ఒంటికి ఇంకా బాగా పడుతుంది.

పది కిలోలు ఒకేసారి చేస్తే విసుగొచ్చి మళ్లీ ఆ జోలికి పోం. కూరగాయలు తెచ్చిన రోజే కిలో చేస్తే చాలు. సగానికి మరిగిస్తే అరలీటరుకు అటూ ఇటూగా వస్తుంది. ఐసు ట్రేలో పోసి గడ్డకట్టాక డబ్బాలో వేసి ఫ్రీజర్‌లోనే ఉంచండి. కూరకు రెండు మూడు గడ్డలు సరిపోతాయి. సీసాలో పోసి అలమరలో మాత్రం పెట్టొద్దు. టమాటా పులుపు అన్ని పళ్లలో ఒకేలా ఉండదు. పులుపు చాలని గుజ్జులో, గాలి తగలని సీసాలో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును కలిగించే బ్యాక్టీరియా పెరగవచ్చు.

మొదట్లో గుజ్జు పలచగా వస్తే పారబోయకండి. ఆ పూటకు చారు పెట్టుకోండి.