గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు పొద్దుటి టిఫిన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫలానా పండో గింజో రోజూ పరగడుపున తింటే గర్భం నిలుస్తుంది.

వాస్తవం: ఏ ఒక్క పదార్థానికీ అంత శక్తి లేదు. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. విడుదలకు ముందు అండం పూర్తిగా ఎదగడానికి దాదాపు మూడు నెలలు కావాలి. కాబట్టి వారం తిని ఫలితం చూడకండి. భర్త కూడా అదే టిఫిన్ తినాలి, ఈ సంగతి చాలా ఇళ్లలో మరిచిపోతారు. మూసుకుపోయిన ఫాలోపియన్ ట్యూబులను (అండం గర్భాశయానికి చేరే నాళాలను) మాత్రం ఏ తిండీ తెరవదు. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. ఆమెకు 35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే వెళ్లాలి.

అపోహ: ఓట్స్ ఎలా తిన్నా మంచివే.

వాస్తవం: చక్కెర కలిపిన ఇన్‌స్టంట్ ప్యాకెట్ త్వరగా అరిగి రక్తంలో చక్కెరను, దాంతో ఇన్సులిన్‌ను పెంచుతుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల దెబ్బతినే సమస్య) ఉన్నవారిలో ఇన్సులిన్ ఎక్కువైతే అండాశయాలు టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి, అండం విడుదల గాడి తప్పుతుంది.

ఒకరికి 40 గ్రాముల రోల్డ్ ఓట్స్, 200 మి.లీ. పాలు, 100 మి.లీ. నీళ్లు తీసుకోండి. సన్న మంట మీద అడుగంటకుండా కలుపుతూ అయిదారు నిమిషాలు ఉడికించండి. పలుకు పంటికి తగులుతుండగానే దించేయాలి, ఎందుకంటే చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది. జిగురయ్యేదాకా ఉడికిస్తే అది కూడా తొందరగా అరిగిపోతుంది. దించాక చెంచాడు అవిసె పొడి, 15 గ్రాముల వాల్‌నట్స్, తొక్కతో సగం ఆపిల్ ముక్కలు వేయండి. తీపికి ఆ పండు చాలు. అవిసె గింజల్ని పొడి చేయకుండా వేస్తే చాలావరకు అరక్కుండానే బయటికి పోతాయి. పొడి చేసి బయట ఉంచితే కనరు వాసన వస్తుంది, అందుకే కొద్దికొద్దిగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టండి.

పక్కన ఒక ఉడికిన గుడ్డు ఉంటే మొత్తం ప్రోటీన్ దాదాపు 20 గ్రాములవుతుంది. పచ్చసొన తీసేయకండి, బిడ్డ మెదడు ఎదుగుదలకు అవసరమైన కోలిన్ ఉండేది అందులోనే. సొన గట్టిపడేదాకా ఉడికించాలి, పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు.

అపోహ: ఆకుకూరలు తింటే ఫోలిక్ యాసిడ్ మాత్ర అక్కర్లేదు.

వాస్తవం: ఈ ఒక్క మాట దయచేసి నమ్మకండి. బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే నాళం గర్భం దాల్చిన 28 రోజుల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. అది సరిగా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అందుకే గర్భానికి కనీసం నెల ముందు నుంచే ఆమె రోజూ 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలి. మధుమేహం ఉన్నా, మూర్ఛకు మందులు వాడుతున్నా ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు, డాక్టరునే అడగండి. పాలకూరలోని ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ సహజ రూపం) నీళ్లలో కరుగుతుంది. ఉడికించి నీళ్లు పారబోస్తే సగం మేలు పోయినట్లే. రెండు మూడు నిమిషాలు ఆవిరి మీద మగ్గించి నిమ్మరసం పిండండి. అందులోని విటమిన్ సి వల్ల ఐరన్ బాగా ఒంటికి పడుతుంది.

కాఫీ పూర్తిగా మానేయాలన్నది కూడా అపోహే. రోజు మొత్తానికి కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకపోతే చాలు, టీ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అయితే టిఫిన్‌తో పాటే తాగితే ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు, గంట ఆగి తాగండి. ఐరన్ మాత్రను పాలతో వేసుకోవద్దు, కాల్షియం అడ్డుపడుతుంది.