ఇండీ మల్టీప్లేయర్ గేమ్‌లు ఖాళీగా ఎందుకుంటాయి? అపోహలు - వాస్తవాలు

"గేమ్ చాలా బాగుంది. ఆడ్డానికే ఎవరూ లేరు." స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో చిన్న స్టూడియోల (ఇండీ) మల్టీప్లేయర్ గేమ్‌ల కింద ఈ రకం రివ్యూ తరచూ కనిపిస్తుంది. మెచ్చుకుంటూనే నెగెటివ్ వేస్తారు. తప్పు వాళ్ళది కాదు. డబ్బిచ్చి కొన్నది ఆడలేకపోతే ఎవరైనా అదే వేస్తారు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటల్లోపు ఉంటే డబ్బు వాపసు వస్తుంది. మ్యాచ్ దొరక్క పది నిమిషాలు చూసినవాళ్ళు నేరుగా ఆ బటన్ దగ్గరికే వెళ్తారు.

ఇలా ఎందుకవుతుందో చెప్పమంటే వినిపించే కారణాల్లో సగం అపోహలే. వాటిని నమ్మి రెండు మూడేళ్ళ పని పోగొట్టుకునే జట్లు ఏటా కనిపిస్తూనే ఉన్నాయి.

అపోహ: రోజుకు వెయ్యిమంది ఆడితే మ్యాచ్‌లకు ఢోకా లేదు

వాస్తవం: వెయ్యిమంది తలా అరగంట ఆడితే మొత్తం 30,000 నిమిషాలు. రోజుకు 1,440 నిమిషాలు. భాగించి చూడండి, సగటున ఒక సమయంలో గేమ్‌లో ఉండేది 21 మంది. రాత్రి రద్దీలో అది రెట్టింపు కావచ్చు, తెల్లవారుజామున అయిదారుగురికి పడిపోవచ్చు.

ఇప్పుడు క్యూ (మ్యాచ్ కోసం ఎదురుచూసే వరుస) సంగతి. ఒక్కొక్కరు అరగంటలో రెండు మ్యాచ్‌లు ఆడతారనుకుంటే రోజుకు 2,000 సార్లు క్యూలో చేరతారు, అంటే నిమిషానికి దాదాపు 1.4 మంది. అయిదుగురికి అయిదుగురు ఆడే గేమైతే పదిమంది పోగవడానికి ఏడు నిమిషాలు పడుతుంది. సర్వర్లను మూడు రీజియన్లుగా (ప్రాంతాలుగా) విడగొడితే 21 నిమిషాలు దాటుతుంది. దానిమీద రెండు మోడ్‌లు (ఆట రకాలు) పెడితే 43 నిమిషాలు. ఒకరికొకరు ఆడే గేమైతే, అన్నీ ఒకే క్యూలో ఉన్నప్పుడు, అదే వెయ్యిమందితో నిమిషంన్నరలో మ్యాచ్ పడుతుంది.

పైగా ఈ లెక్క ఎవరూ క్యూ వదిలి వెళ్ళరన్న షరతుమీద వేసింది. నిజంగా జరిగేది షేర్ ఆటో వ్యవహారం. నిండితేగాని బండి కదలదు. ముందెక్కినవాళ్ళు కాసేపు చూసి దిగిపోతారు, వాళ్ళు దిగారు గనక తర్వాత ఎక్కినవాళ్ళు ఇంకా ఎక్కువసేపు కూర్చోవాలి. అందుకే గేమ్ మెల్లగా ఖాళీ కాదు. ఒక గీత దాటాక వారం పది రోజుల్లో కుప్పకూలుతుంది.

కాబట్టి డిజైన్ మొదలుపెట్టేటప్పుడే వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ గేమ్ 20 మందితో నడుస్తుందా? నడవాలంటే పదిమంది మ్యాచ్‌ను నలుగురితో మొదలుపెట్టనివ్వాలి, మిగతావాళ్ళు నడుస్తున్న మ్యాచ్‌లోకి దూకేలా ఉండాలి. జట్లు 3-2గా ఉన్నా ఆట సాగాలి. క్యూలో ఉన్నంతసేపు ప్రాక్టీస్ మైదానంలో తిరగనివ్వాలి. వేరే విండోలోకి వెళ్ళినా క్యూ తెగకూడదు, మ్యాచ్ దొరకగానే శబ్దం రావాలి. ఈ చివరిది ఒక పూట పని. అయినా చాలా గేమ్‌లలో ఉండదు.

అపోహ: గేమ్ బాగుంటే జనం వాళ్ళే వస్తారు

వాస్తవం: అమాంగ్ అస్ 2018లో వచ్చింది. దాదాపు రెండేళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2020 మధ్యలో స్ట్రీమర్లు (తాము ఆడేది ఆన్‌లైన్‌లో లైవ్‌గా చూపించేవాళ్ళు) అందుకున్నాక ప్రపంచమంతా ఆడింది. ఆ రెండేళ్ళలో గేమ్ నాణ్యత నేల నుంచి నింగికేమీ ఎగరలేదు. అంతకాలం అది బతికి ఉండటానికి కారణాలు వేరు: తయారుచేసిన ఇన్నర్‌స్లాత్ ముగ్గురి జట్టు, ఖర్చు తక్కువ. రూమ్ కోడ్ చేతిలో ఉంటే నలుగురు స్నేహితులతో ఆట మొదలయ్యేది. అపరిచితులు లేకపోయినా గేమ్ ఆగలేదు.

రాకెట్ లీగ్ ఇంకో ఉదాహరణ. కార్లతో ఫుట్‌బాల్ అన్న ఆలోచనతో సయోనిక్స్ 2008లోనే ప్లేస్టేషన్ 3 మీద ఒక గేమ్ తెచ్చింది. దాని పేరే ఒక పేరా పొడవుంటుంది, ఇక్కడ వద్దులెండి. అది పెద్దగా ఎవరికీ తెలియలేదు. 2015 జులైలో రాకెట్ లీగ్ విడుదలైన రోజునే ప్లేస్టేషన్ ప్లస్ సభ్యులందరికీ ఉచితంగా అందింది. మొదటి రోజు నుంచే క్యూలు నిండుగా ఉన్నాయి.

పెద్ద సంస్థలకైనా మినహాయింపు లేదు. సోనీ వాళ్ళ కాంకర్డ్ అనే గేమ్ 2024 ఆగస్టు 23న విడుదలై సెప్టెంబర్ 6న మూతపడింది.

అపోహ: మోడ్‌లు, మ్యాప్‌లు, సర్వర్లు ఎన్ని ఉంటే అంత మంచిది

వాస్తవం: ఉన్న కాసిని జనాన్ని ముక్కలు చేసే పని ఇది. మ్యాప్‌లు ఎన్ని ఉన్నా నష్టం లేదు, ప్లేయర్‌ను ఎంచుకోనివ్వనంత వరకు. మోడ్‌లు మాత్రం ఒక్కటే క్యూలో ఉండాలి. ఈ వారం ఇది, వచ్చే వారం అది అని తిప్పండి. ర్యాంక్డ్ (గెలుపోటములను బట్టి ర్యాంకు మారేది), మామూలు అని రెండు క్యూలు పెట్టడం విడుదల రోజున చేసే అతి సాధారణమైన పొరపాటు.

రీజియన్ల దగ్గర మనవాళ్ళు ముంబై సర్వర్ కావాలని పట్టుబడతారు. హైదరాబాద్, విజయవాడల్లో మంచి ఫైబర్ కనెక్షన్ ఉంటే ముంబైకి పింగ్ (సమాచారం సర్వర్‌కు వెళ్ళి తిరిగొచ్చే సమయం) సుమారు 20-30 మిల్లీసెకన్లు, సింగపూర్‌కు 60 అటూఇటూ ఉంటుంది. ఫైటింగ్ గేమ్‌లను పక్కనపెడితే 60తో దాదాపు ఏ గేమైనా ఆడుకోవచ్చు. ఖాళీ ముంబై సర్వర్ కన్నా నలుగురున్న సింగపూర్ సర్వర్ నయం. ఇండియాలో రాత్రి 8 అయ్యేసరికి సింగపూర్‌లో పదిన్నర, రెండు ప్రాంతాల రద్దీ వేళలు కలుస్తాయి. న్యూయార్క్‌లో మాత్రం అప్పుడు ఇంకా ఉదయమే, అక్కడి జనం మనకు అక్కరకు రారు.

రీజియన్ ఎంచుకునే మెనూ తీసేసి ఆ పని మ్యాచ్‌మేకర్‌కు (ప్లేయర్లను జతకలిపే ప్రోగ్రామ్‌కు) అప్పగించండి. మొదటి 30 సెకన్లు 80 మిల్లీసెకన్ల లోపు వెతకాలి, తర్వాత 120, నిమిషం దాటితే 180. నైపుణ్యం తేడా విషయంలోనూ ఇంతే: ఇరుకుగా మొదలుపెట్టి పది సెకన్లకోసారి వెడల్పు చేస్తూ పోవాలి, నిమిషం తర్వాత ఆ తేడాను పట్టించుకోకూడదు. ఫైటింగ్ గేమ్ చేస్తుంటే రోల్‌బ్యాక్ నెట్‌కోడ్ (అవతలివాళ్ళు ఏం నొక్కుతారో ఊహించి ఆడించి, తప్పైతే వెనక్కి వెళ్ళి సరిదిద్దే పద్ధతి) తప్పనిసరి. దానికి పేరుపడ్డ జీజీపీఓ అనే లైబ్రరీ 2019 నుంచి ఓపెన్ సోర్స్‌గా ఉంది. అయితే గేమ్ లాజిక్ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే ఇన్‌పుట్‌కు ఒకే ఫలితం ఇవ్వాలి, ఏ ఫ్రేమ్‌నైనా దాచి మళ్ళీ తెరవగలగాలి. సగం గేమ్ అయ్యాక దీన్ని అతికించాలంటే తిరగరాయడమే.

అపోహ: బాట్లు పెట్టడం ప్లేయర్లను మోసం చెయ్యడమే

వాస్తవం: బాట్‌కు (కంప్యూటర్ ఆడించే ప్లేయర్‌కు) మనిషి పేరు తగిలించి దాచిపెడితే మోసం. పేరు పక్కన చిన్న గుర్తు పెట్టి చెబితే కాదు. ఫోర్ట్‌నైట్ అంతటి గేమ్‌లోనే 2019 నుంచి బాట్లున్నాయి.

చిన్న గేమ్‌కు బాట్ల అవసరం రెండు విధాలు. క్యూ 30 సెకన్లు దాటితే ఖాళీలు నింపడం మొదటిది. రెండోది అంతగా కనబడదు గాని అసలు ప్రాణం అక్కడే ఉంది. జనం తగ్గినప్పుడు చివరిదాకా మిగిలేది ముదుర్లే. ఆ రోజు కొత్తగా కొన్న మనిషికి మొదటి మ్యాచ్‌లోనే 600 గంటలు ఆడినవాళ్ళు ఎదురైతే, ఏం జరిగిందో తెలిసేలోపే ఆట అయిపోతుంది. వాళ్ళు మళ్ళీ రారు. అందుకే కొత్తవాళ్ళకు మొదటి నాలుగైదు మ్యాచ్‌లు బాట్లతోనో, బాట్లు కలిసిన జట్లతోనో పడాలి.

బాట్లను చివరి నెలలో చేర్చలేరు. పాత్రను కదిలించే కోడ్ నేరుగా కీబోర్డును చదవకుండా "ముందుకు, గురి, కాల్చు" లాంటి ఆదేశాలను మాత్రమే తీసుకునేలా మొదటి నుంచీ రాసుకోవాలి. ఆ ఆదేశాలు కీబోర్డు నుంచి వచ్చినా, నెట్‌వర్క్ నుంచి వచ్చినా, బాట్ నుంచి వచ్చినా తేడా ఉండకూడదు. ఇలా రాసుకుంటే ఇంకో లాభం ఉంది: తెరమీద బొమ్మ లేకుండా నడిచే వందల క్లయింట్లలో (గేమ్ కాపీల్లో) ఆ బాట్లనే కూర్చోబెట్టి సర్వర్ ఎంత బరువు మోస్తుందో పరీక్షించుకోవచ్చు. నిజమైన ప్లేయర్ వచ్చినప్పుడు బాట్‌ను రౌండ్ మధ్యలో మాయం చెయ్యకండి, అది చనిపోయినప్పుడు ఆ స్థానంలోకి దించండి.

అపోహ: ఫ్రీ చేసేస్తే నిండిపోతుంది

వాస్తవం: నిండుతుంది, కొన్నాళ్ళు. నాకౌట్ సిటీ 2021 మేలో డబ్బుకు విడుదలైంది, 2022 జూన్‌లో ఫ్రీ అయింది, 2023 జూన్‌లో సర్వర్లు మూసేశారు. ఫ్రీ గేమ్‌లో ఎక్కువమంది పైసా ఖర్చుపెట్టరు, సర్వర్ బిల్లు మాత్రం అందరి తరఫునా వస్తుంది. అమ్మడానికి కొత్త స్కిన్లు (పాత్రల వేషాలు), సీజన్లు నెలనెలా తయారు కావాలి. చీటర్లు కూడా పెరుగుతారు, ఎందుకంటే నిషేధించిన మరుక్షణం కొత్త ఖాతా ఉచితం. అయిదుగురి స్టూడియో వల్ల అయ్యే పని కాదిది.

మధ్యేమార్గాలున్నాయి. హేజ్‌లైట్ వాళ్ళ 'ఎ వే అవుట్', 'ఇట్ టేక్స్ టూ' గేమ్‌లలో ఒకరు కొంటే రెండోవాళ్ళు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా ఆడొచ్చు. 'కంటెంట్ వార్నింగ్' అనే గేమ్‌ను 2024 ఏప్రిల్ 1న మొదటి 24 గంటలు మాత్రం ఉచితంగా ఇచ్చి, తర్వాత ధర పెట్టారు. ఆ ఒక్క రోజులో 60 లక్షలకు పైగా తీసుకున్నారు.

అపోహ: మల్టీప్లేయర్ అంటే అపరిచితులతో మ్యాచ్‌మేకింగ్ ఉండాల్సిందే

వాస్తవం: ఈ అపోహ ఒక్కటి వదిలించుకుంటే పైన చెప్పిన కష్టాల్లో సగం ఉండవు. వాల్‌హైమ్ 2021 ఫిబ్రవరిలో వచ్చింది, అప్పటికి అయిదుగురి జట్టు, ఒక లోకంలో పదిమంది వరకు ఆడొచ్చు. నెల తిరక్కుండానే 50 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. 2023 అక్టోబర్‌లో వచ్చిన లీథల్ కంపెనీ ఒక్క మనిషి తయారుచేసినది. 2025 జూన్‌లో 'పీక్' అనే గేమ్ వచ్చింది. ఈ మూడింటిలోనూ సర్వర్లో ఎంతమంది ఉన్నారన్నది మీకు అనవసరం, మీ స్నేహితులుంటే చాలు. ఒకరు కొంటే మిగతా ముగ్గురిని ఆ ఒకరే బతిమాలి కొనిపిస్తారు, ధర తక్కువైతే బతిమాలక్కర్లేదు కూడా. స్టీమ్ లాబీలు (ఆటకు ముందు స్నేహితులు పోగయ్యే చోట్లు), రిలే (ప్లేయర్ల మధ్య సమాచారాన్ని స్టీమ్ ద్వారా చేరవేసే సదుపాయం) వాడుకుంటే సర్వర్ అద్దె కూడా ఉండదు.

అయితే ఈ రకం గేమ్‌లో ప్రాణమంతా ఆహ్వానంలో ఉంటుంది, అది చెడితే అంతా చెడుతుంది. చెడేది ఎక్కువగా ఇక్కడే: గేమ్ తెరిచి లేనప్పుడు స్నేహితుడి ఆహ్వానం నొక్కితే, స్టీమ్ గేమ్‌ను తెరుస్తూ 'కనెక్ట్ లాబీ' అన్న ఆర్గ్యుమెంట్‌లో లాబీ ఐడీని పంపుతుంది. దాన్ని చదివే కోడ్ రాయకపోతే గేమ్ తెరుచుకుని మెయిన్ మెనూలో ఆగుతుంది. నొక్కినవాళ్ళకు ఏం చెయ్యాలో తోచదు. తయారుచేసేవాళ్ళ దగ్గర గేమ్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది గనక ఈ లోపం విడుదలయ్యేదాకా బయటపడదు. ట్యుటోరియల్ తప్పనిసరి చెయ్యడం ఇలాంటిదే, ముగ్గురు లాబీలో కూర్చుని నాలుగోవాళ్ళ కోసం పావుగంట ఎదురుచూస్తారు. ఇద్దరి దగ్గర వేర్వేరు వెర్షన్లుంటే "కనెక్షన్ ఫెయిల్డ్" అని ఊరుకోకుండా ఎవరిది పాతదో, ఎవరు అప్‌డేట్ చేసుకోవాలో చెప్పండి.

అపోహ: ఒక పెద్ద స్ట్రీమర్ ఆడితే చాలు

వాస్తవం: చూసేవాళ్ళందరూ ఆడేవాళ్ళు కారు. వచ్చే కొద్దిమందీ ఒకేసారి వస్తారు. స్ప్లిట్‌గేట్ 2019లో వచ్చిన గేమే. 2021 జులైలో కన్సోళ్ళమీద బీటా తెరిచేసరికి జనం పోటెత్తి, సర్వర్లు చాలక, లోపలికి రావడానికే వరుస కట్టాల్సి వచ్చింది, పూర్తి విడుదలనే వాయిదా వేశారు. స్ట్రీమర్లకు పంపేముందు లోడ్ టెస్ట్ చెయ్యండి, రూమ్ కోడ్‌ను తెరమీద కనబడకుండా దాచే బటన్ పెట్టండి. లేదంటే ఆ రూమ్‌లోకి ముందు దూరేది అల్లరిమూకే.

అపోహ: డెమో, ప్లేటెస్ట్ ఇరవైనాలుగ్గంటలూ తెరిచి ఉంచాలి

వాస్తవం: ప్లేటెస్ట్‌ను (విడుదలకు ముందు జనంతో ఆడించి చూసేదాన్ని) వారమంతా తెరిస్తే 60 మంది 60 వేర్వేరు వేళల్లో వచ్చి, ఖాళీ లాబీ చూసి పోతారు. అదే 60 మంది శనివారం రాత్రి 9 నుంచి 11 దాకా వస్తే పదిమంది మ్యాచ్‌లు ఆరు ఒకేసారి నడుస్తాయి. స్టీమ్ ప్లేటెస్ట్ సదుపాయాన్ని మీరనుకున్నప్పుడు తెరిచి, అనుకున్నప్పుడు మూసెయ్యొచ్చు. ఒక్కో ఖండానికి ఒక్కో వేళ పెట్టండి. మెయిన్ మెనూలో తర్వాతి ఆట ఎప్పుడో ప్లేయర్ గడియారం ప్రకారమే చూపించండి. విడుదలయ్యాక కూడా ఈ పద్ధతి మానకండి, జనం పలచబడ్డ గేమ్‌కు వారానికి ఒక నిండు సాయంత్రం చాలా బలం. స్టీమ్‌లో డెమోల పండుగలాంటి నెక్స్ట్ ఫెస్ట్ లెక్క వేరు, అక్కడ డెమో వారమంతా తెరిచే ఉంటుంది, ఒక గేమ్‌కు అవకాశం ఒక్కసారే. బాట్లు సిద్ధం కాకపోతే తర్వాతి ఫెస్ట్ దాకా ఆగడం మేలు.

అపోహ: ప్లేయర్ల సంఖ్య బయటికి తెలియకుండా చూసుకుంటే సరిపోతుంది

వాస్తవం: స్టీమ్ డీబీ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. దాచలేరు. మెనూలో "ఇప్పుడు 14 మంది ఉన్నారు, మ్యాచ్‌కు సుమారు 2 నిమిషాలు" అని నిజం చెబితే జనం ఆగుతారు, గుండ్రంగా తిరిగే గుర్తును చూస్తూ ఆగరు.

అపోహ: సర్వర్లు ఆపేస్తే గేమ్ కథ ముగిసినట్టే

వాస్తవం: నాకౌట్ సిటీ వాళ్ళు సర్వర్లు మూసేటప్పుడు, ఎవరి సర్వర్ వాళ్ళే నడుపుకునే పీసీ వెర్షన్‌ను ఉచితంగా ఇచ్చారు. 2024లో యూబీసాఫ్ట్ 'ది క్రూ' సర్వర్లు ఆపేశాక మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం అడిగేది కూడా, అమ్మిన గేమ్‌ను ఏదో ఒక రూపంలో ఆడుకునే స్థితిలో వదలమనే. చిన్న స్టూడియోకు ఇది మొదట్లో ఆలోచిస్తే చవక, చివర్లో ఆలోచిస్తే భరించలేనిది. సర్వర్ చిరునామాను కోడ్‌లో పాతిపెట్టకుండా కాన్ఫిగ్ ఫైల్లో ఉంచండి. లాగిన్ సర్వర్ జవాబివ్వకపోతే నేరుగా ఐపీ చిరునామాతో కలిసే దారి ఒకటి వదలండి. సర్వర్లో వాడిన బయటి లైబ్రరీల లైసెన్సులు దాన్ని పదిమందికి పంచడానికి ఒప్పుకుంటాయో లేదో, కొనకముందే చదవండి. చీట్లను అడ్డుకునే సాఫ్ట్‌వేర్, వాయిస్ చాట్, ఈ రెండింటి దగ్గరే సాధారణంగా పీటముడి పడుతుంది. కాబట్టి ఆ రెండూ తీసేసినా గేమ్ బిల్డ్ అయ్యేలా స్విచ్చులు పెట్టుకోండి.