సాంస్కృతిక మాసంలో తప్పెటగుళ్ళకు ఎన్ని నిమిషాలు?

దూరదర్శన్‌లో ఒక నెలంతా డాక్యుమెంటరీలు, సాంస్కృతిక కార్యక్రమాలు వేస్తామని జాబితా వచ్చిందంటే, విశాఖపట్నంలో కళల మీద పట్టింపు ఉన్నవాళ్ళు అందులో ముందు వెతికేవి నాలుగు ఉత్తరాంధ్ర జానపద కళల పేర్లు: తప్పెటగుళ్ళు, ధింసా, జముకుల కథ, తూర్పు భాగవతం. కూచిపూడికి ఢోకా ఉండదు, త్యాగరాజ కీర్తనలకీ ఉండదు. ఈ నాలుగింటి దగ్గరికి వచ్చేసరికి నిమిషాలు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. ఉత్తరాంధ్ర అంటే చిన్నచూపు అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. చిన్నచూపు అసలే లేదని కాదు గానీ, చిక్కు అంతకంటే పాతది. స్టూడియో ఎక్కడ పెట్టారు, ఏ టేపు మీద తీశారు, ఏ వేళకు వేశారు అన్న మూడు సంగతుల్లో అది ఉంది. నెల జాబితా తయారుచేసే మనిషి అరలో ఉన్నదే వేయగలడు. అరలో ఏముండాలో చాలావరకు 1980లలోనే తేలిపోయింది.

విశాఖలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. సిరిపురంలో సొంత స్టూడియో ఉంది. కళాకారులు ఆడిషన్‌కు వెళ్ళి బి, బి-హై, ఏ, టాప్ అనే గ్రేడుల్లో ఏదో ఒకటి తెచ్చుకుని అక్కడే మైకు ముందు పాడేవారు. టీవీ సంగతి వేరు. 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైన టెలివిజన్ 1976 ఏప్రిల్ 1న ఆకాశవాణి నుంచి విడిపోయింది. హైదరాబాద్ కేంద్రం 1977లో వచ్చింది. విశాఖకు ఆ తర్వాత దక్కింది ట్రాన్స్‌మిటరే తప్ప కార్యక్రమాలు తయారుచేసే పూర్తిస్థాయి కేంద్రం కాదు. ట్రాన్స్‌మిటర్ పైనుంచి వచ్చినదాన్ని కిందికి వదిలే గొట్టం లాంటిది, తన నుంచి ఏదీ పుట్టదు. రేడియోలో ఇంటిదైన ఊరు టీవీలో ఒట్టి చూసే ఊరైంది.

అంటే తప్పెటగుళ్ళు తీయాలంటే హైదరాబాద్ నుంచి ఒక బృందం దాదాపు 700 కిలోమీటర్లు రైల్లో రావాలి, లేదా కళాకారులే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి అటు వెళ్ళాలి. ఎక్కువగా జరిగింది రెండోదే. వీధిలో రాత్రంతా ఆడేదాన్ని స్టూడియో నేల మీద, నీలం తెర ముందు, అరగంటలో ముగించాలి. ఆ అరగంటలోనూ పరిచయం, పేర్లు, ముగింపు పోగా ఆటకు మిగిలేది ఇరవై నిమిషాలు.

బృందమే ఇక్కడికి వచ్చిన సందర్భాల్లో ఏమయ్యేదో కాస్త దగ్గరగా చూడాలి. 1980లలో వాడినది యూమ్యాటిక్ అనే వీడియో టేపు. కెమెరా ఒకరి భుజాన ఉంటే, పది కిలోల పైచిలుకు రికార్డర్ ఇంకొకరి భుజాన, రెంటి మధ్య ఒక కేబుల్. బయట వాడే చిన్న క్యాసెట్ 20 నిమిషాలకు అయిపోతుంది. కథ మంచి పట్టులో ఉండగా క్యాసెట్ మార్చాలి. అప్పటి కెమెరాల్లో బొమ్మను పట్టడానికి చిప్ ఉండేది కాదు, ట్యూబు ఉండేది. చీకట్లో పెట్రోమాక్స్ దీపం ఫ్రేములోకి వస్తే దాని వెలుగు తోకలాగా సాగి, కెమెరా తిప్పాక కూడా మచ్చగా నిలిచేది. అందుకని పెద్ద లైట్లు పెట్టి ఆటను ముందు రాత్రికి, ఒక్కోసారి పట్టపగటికి జరిపేవారు.

ధ్వనితో ఇంకా తంటా. తప్పెటగుళ్ళలో పదిహేను, ఇరవై మంది ఉంటారు. గుండె మీద కట్టుకున్న రేకు తప్పెటను వేళ్ళతో వాయిస్తూ, కాళ్ళ గజ్జెలు మోగిస్తూ, గుండ్రంగా తిరుగుతూ పాడతారు. ఒకే మైకు నిలబెడితే దగ్గరికి వచ్చినవాడి తప్పెట చెవులు పగలగొడుతుంది, అవతలి వైపు వెళ్ళిన నాయకుడి పాట వినబడదు. ధ్వని స్థాయిని రికార్డరే సర్దుకునేలా ఆటోమేటిక్ లెవెల్ వేసి వదిలేస్తే మరో ఇబ్బంది. ప్రతి దెబ్బకూ అది స్వరాన్ని కిందికి తొక్కి, దెబ్బ అయిపోగానే పైకి లేపుతుంది. పాట ఊపిరాడనట్టు వినిపిస్తుంది. పాత టేపుల్లో సాహిత్యం అర్థం కాకపోవడానికి కళాకారుల ఉచ్చారణ కారణమని రాసినవాళ్ళున్నారు. నిజానికి నేరం మైకుది.

ఇంత కష్టపడి తీసిందీ నిలవలేదు. టేపులు ఖరీదు, బడ్జెట్ తక్కువ. ప్రసారమయ్యాక చెరిపి మళ్ళీ వాడుకోవడం ఒక్క దూరదర్శన్ అలవాటే కాదు, ప్రపంచంలో చాలా పెద్ద టీవీ సంస్థలు చేసిన పనే. ఏది ఉంచాలి, ఏది చెరపాలి అన్నప్పుడు జాతీయ స్థాయి విద్వాంసుడి కచేరీ ఉండేది, ఊరి బృందం పోయేది.

వేళల కథ దీనికి సమాంతరంగా నడిచింది. దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు 1976లో మొదలయ్యాయి. 1982లో రంగులు, ఆసియా క్రీడలు, ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా జాతీయ కార్యక్రమం వచ్చాయి. 1984లో స్పాన్సర్డ్ సీరియల్ అడుగుపెట్టింది. రాత్రి మంచి వేళంతా ఢిల్లీది కావడంతో తెలుగుకు సాయంత్రం కాసేపే మిగిలింది. ఆ కాసేపట్లో వార్తలు, వ్యవసాయం, నాటకం, శుక్రవారం చిత్రలహరి. డాక్యుమెంటరీ ఎవరూ చూడని వేళకు జరిగింది, తర్వాత ‘ఎవరూ చూడటం లేదు’ అన్న మాటే దాన్ని ఇంకా పక్కకు జరపడానికి కారణమైంది. ఈ వాదానికి గట్టి జవాబు 1990లో మొదలైన సురభి. దూరదర్శన్‌లో వచ్చిన ఆ సాంస్కృతిక పత్రికా కార్యక్రమం పెట్టే పోటీలకు ఉత్తరాలు ఎంతగా వచ్చిపడ్డాయంటే, తపాలా శాఖ పోటీల కోసమే రెండు రూపాయల కార్డు తేవాల్సి వచ్చింది. వేళ కుదిరితే జనం చూస్తారు.

వేసే వేళ ఉన్నా వేయనివ్వని రోజులూ ఉన్నాయి. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద తీసిన ఒక చిత్రానికి జాతీయ సినిమా అవార్డుల్లో స్వర్ణకమలం వచ్చినా దూరదర్శన్ ప్రసారానికి ఒప్పుకోలేదు. ప్రభుత్వాన్ని విమర్శించిందన్న కారణంతో ఆపడం కుదరదని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. 2006లో మరో డాక్యుమెంటరీ విషయంలోనూ ప్రసారం చేయమని అదే కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మధ్యలో 1995 తీర్పు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అన్నది. 1990లో చేసి పక్కన పెట్టిన ప్రసారభారతి చట్టం, అంటే ఆకాశవాణి, దూరదర్శన్‌లను ఒక స్వయంప్రతిపత్తి సంస్థ కిందికి తెచ్చేది, 1997లో అమల్లోకి వచ్చింది. 2000లో ఏర్పడిన పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్టు స్వతంత్ర దర్శకులకు నిధులిచ్చి దూరదర్శన్ కోసం డాక్యుమెంటరీలు తీయించింది, 2002 జనవరి 26న కళలకంటూ డీడీ భారతి వచ్చింది. ఇవన్నీ మంచివే, అయితే పనంతా ఢిల్లీ కేంద్రంగానే సాగింది.

తెలుగుకు విడి ఛానెల్ 1993లో వచ్చింది, తర్వాత దానికి సప్తగిరి అని పేరు పెట్టారు. 2014 విభజనతో హైదరాబాద్ నుంచి తెలంగాణకు యాదగిరి మొదలైంది, సప్తగిరి విజయవాడకు చేరింది. ఛానెల్ విజయవాడకు వచ్చినా, తొలి దశాబ్దాల్లో తీసినవి హైదరాబాద్ స్టూడియోవే. విజయవాడ విశాఖకు 350 కిలోమీటర్లే, దూరం సగమైంది. విశాఖలో స్టూడియో అన్న మాట మాత్రం కదల్లేదు.

ఇక అరలో మిగిలిన టేపులను ఇప్పుడు నెల జాబితాలోకి ఎక్కించేటప్పుడు జరిగే పాడు ఒకటుంది. చేతులారా చేసుకునేది కాబట్టి దీని మీద ఎక్కువ కోపం రావాలి. పాత టీవీ చిత్రం 4:3 నిష్పత్తిది, ఇప్పటి తెర 16:9. తెర నిండాలని పైనా కిందా కోసేస్తే బొమ్మ ఎత్తులో నాలుగో వంతు పోతుంది. తప్పెటగుళ్ళలో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి కట్టే గోపురం మీద నిలబడ్డవాడి తల పైన పోతుంది, గజ్జెల కాళ్ళు కింద పోతాయి. కోయకుండా సాగదీస్తే మనుషులు అడ్డంగా మూడో వంతు లావెక్కుతారు, ధింసా వరుస బరువుగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. రెండు పక్కలా నల్లపట్టీలు వదిలేయడమే సరైన పద్ధతి. పట్టీలు చూసి ‘టీవీ పాడైందా’ అని అడిగేవాళ్ళకు సర్దిచెప్పడమే తేలిక.

ఇంకొకటి, పాత వీడియోలో సెకనుకు 25 ఫ్రేములే ఉన్నా, ఒక్కో ఫ్రేము ఫీల్డులనే రెండు సగాలుగా వస్తుంది కాబట్టి కదలిక 50 ఫీల్డులది. ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు దాన్ని 25కు కుదిస్తే సగం కదలిక మాయమవుతుంది. తప్పుగా కలిపితే వేగంగా తిరిగే చేతుల అంచున దువ్వెన పళ్ళలాంటి గీతలు వస్తాయి. 50 ఫ్రేములుగా మార్చితే ఆట ఆటలా ఉంటుంది. ఫిల్ముపై తీసిన సంగీత చిత్రాలదీ ఇలాంటి సమస్యే. 24 ఫ్రేముల ఫిల్మును టీవీ కోసం 25తో నడిపితే గంట చిత్రం 57 నిమిషాల 36 సెకన్లకు అయిపోతుంది, శ్రుతి దాదాపు అర మెట్టు పెరుగుతుంది. ఒకటి శ్రుతిలో వాయించిన బొబ్బిలి వీణ ఒకటిన్నరకు దగ్గరగా వినిపిస్తుంది. ఆ ప్రసారాన్ని రికార్డు చేసుకుని సాధన చేసే విద్యార్థికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

యూమ్యాటిక్ టేపు తేమకు పాడవుతుంది. అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు తేమను పీల్చుకుని అంటుకుంటుంది. అలాగే మెషిన్‌లో పెడితే కీచుమంటూ తిరిగి, పొడి ఊడి హెడ్డుకు పడుతుంది, ఒక్కసారికే టేపు పోతుంది. 50 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలో అంతకు మించో నెమ్మదిగా ఆరబెట్టి, కొద్ది వారాల్లోపే డిజిటల్‌లోకి ఎక్కించుకోవాలి. వంటింటి ఓవెన్ పనికిరాదు, దాని వేడి నిలకడగా ఉండదు. సముద్రం పక్క ఊళ్ళో ఇంట్లో బీరువాలో దాచిన సొంత కాపీలకు ఈ జబ్బు ఇంకా త్వరగా వస్తుంది. తర్వాత వచ్చిన బీటాక్యామ్ ఎస్పీ టేపులో వాడినది వేరే రకం పూత కాబట్టి వాటికీ ఇదే పద్ధతి సరిపోతుందనుకోకూడదు.

ఈ ఊరికి సిగ్నల్ చేరిన తీరూ ఈ కథలో భాగమే. యాంటెనా రోజుల్లో ట్రాన్స్‌మిటర్‌కూ ఇంటికీ మధ్య కొండ వస్తే బొమ్మ పక్కన నీడ బొమ్మ పడేది. కొండలకు కొరత లేని ఊరు కాబట్టి కొండ అటువైపు కాలనీల్లో సిగ్నల్‌కు తిప్పలే. ఉప్పుగాలికి అల్యూమినియం కడ్డీలకు బిగించిన మరల దగ్గర తుప్పు పట్టి, బల్లపరుపు వైరు కొసలు నల్లబడేవి. 1995 కేబుల్ చట్టం దూరదర్శన్‌ను తప్పనిసరిగా చూపించాలన్నది. 2000లో చేసిన సవరణ ప్రాంతీయ ఛానెల్‌ను కూడా ప్రైమ్ బ్యాండ్‌లో పెట్టాలన్నది. 2004 డిసెంబర్‌లో నెలసరి చందా లేని డీటీహెచ్ వచ్చింది, ఇప్పటి ఫ్రీ డిష్ అదే. దాని ఉపగ్రహం జీశాట్-15 తూర్పు 93.5 డిగ్రీల దగ్గర ఉంది. విశాఖలో డిష్ నిజమైన ఉత్తరం నుంచి సుమారు 149 డిగ్రీలకు, అంటే దక్షిణ ఆగ్నేయానికి తిరిగి, 66 డిగ్రీలు పైకి చూడాలి. అంత నిటారుగా చూస్తుంది కాబట్టి కొండ అడ్డం రాదు. ముసురు పడితే మాత్రం డిష్ అందుకునే కూ బ్యాండ్ తరంగాల సిగ్నల్ పోతుంది. తుపాన్ల కాలంలో పడిన సాంస్కృతిక మాసంలో మంచి కార్యక్రమం సరిగ్గా ఆ రాత్రే ఉంటుంది, అదేం చిత్రమో. మర్నాడు పునఃప్రసారం ఏ వేళకో ముందే చూసిపెట్టుకోవడం మేలు.

2024 నవంబర్‌లో ప్రసారభారతి తెచ్చిన వేవ్స్ యాప్‌తో పునఃప్రసారం మీద ఆధారపడటం కొంత తగ్గింది. అయితే పాతవన్నీ అందులోకి రావాలంటే హక్కుల పేచీ ఉంది. ఇంటర్నెట్ లేని కాలంలో కళాకారులతో రాసుకున్న కాగితాల్లో దాని ప్రస్తావన ఉండదు, కళాకారుడు పోతే వారసుల్ని వెతకాలి. పదిహేను మంది బృందానికైతే ఎవరి సంతకం చెల్లుతుందన్నది మొదటి ప్రశ్న.

అందుకే కొత్తగా తీయడమే సులువైన పని, ఇవాళ ఖర్చు కూడా అప్పటంత కాదు. మూడు కెమెరాలు చాలు: ఒకటి మేడ మీంచి మొత్తం వలయానికి, ఒకటి కాళ్ళకు, ఒకటి ముఖాలకు. మూడూ సెకనుకు 50 ఫ్రేముల్లో ఉండాలి. నాయకుడికి విడిగా కాలర్ మైకు, వంత పాడేవాళ్ళలో ఇద్దరికి చెరొకటి, వలయం మధ్యన ఎత్తులో స్టీరియో మైకుల జత. లెవెల్ చేత్తోనే పెట్టుకోవాలి, ఆటోమేటిక్ వద్దు. ఆట మొదలవగానే కాదు, మంచి ఊపులోకి వచ్చాక వచ్చే దెబ్బను బట్టి సరిచూసుకోవాలి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున ఒక కెమెరాకు గంటకు 45 జీబీ పడుతుంది. ఆరు గంటల రాత్రికి మూడు కెమెరాలూ కలిపి 810 జీబీ. ఒక టీబీ డ్రైవులు రెండు కొని, ఒకటి బృందం ఉన్న ఊళ్ళోనే ఉంచి, రెండోది ఇంకో ఊళ్ళో దాచాలి. ప్రసారానికి కోసిన 26 నిమిషాల ముక్కతో పాటు కోయని రాత్రంతా కూడా దాచిపెట్టాలి.